నాన్న కుడికాలూ, నా ఉప్పునీళ్ళూ

రెండేళ్ళపాటు మా నాన్నకు కుడికాలు నేనే. మాటవరసకు అనడం లేదు. నర్సీపట్నంలో మేం గుడి అని పిలుచుకునే మా చర్చిలో కాళ్ళతో తొక్కి వాయించే పాత హార్మోనియం పెట్టె ఒకటుండేది. దాని కింద రెండు పెడళ్ళు. ఒకటి దిగుతుంటే రెండోది లేవాలి. లేకపోతే లోపల గాలి అయిపోయి, పాట మధ్యలో పెట్టె మూలుగుతూ ఆగిపోయేది. నాన్న కుడికాలికి పుండు పడ్డాక ఎడమ పెడలు ఆయనది, కుడి పెడలు నాది. ఒకే బల్ల మీద ఇద్దరం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. పైన వాయించే మెట్ల మీద వేళ్ళు మాత్రం ఆయనవే.

ఆ పెట్టె ముందు కూర్చుంటే మా నాన్నకు పూనకం వచ్చేది. గుడి సంగతి చెబుతూ అనకూడని మాటే గానీ, ఇంకో మాట నాకు దొరకడం లేదు. తొంభైల మొదట్లో నేను పదో తరగతి చదివేటప్పటి నుంచీ చూస్తున్నాను కదా. మలేరియా ఆఫీసులో ఉద్యోగం ఆయనది. వారమంతా సైకిలు మీద గొలుగొండ వైపు ఊళ్ళు తిరుగుతూ ఇళ్ళ గోడలకు దోమల మందు కొట్టించేవాడు. పరమ నెమ్మదస్తుడు, ఇంట్లో గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడేవాడు. ఆదివారం పెట్టె ముందు కూర్చున్నాడా, ఇక పట్టపగ్గాలుండవు. మొదటి చరణం మామూలుగా నడిచేది. రెండో చరణం పరుగు. మూడో చరణానికి ముసలమ్మలు ఊపిరందక పాటల పుస్తకం మూసేసేవారు. పెళ్ళిపాటైనా, సమాధి దగ్గర పాడే భూస్థాపన పాటైనా అదే దూకుడు. పాస్టరు గారిని మేం అయ్యగారంటాం. పాపం ఆయన ఒకసారి నెమ్మదిగా చెప్పి చూశారు: "బాబూ, పరలోకం ఎక్కడికీ పారిపోదు. నిదానంగా ఎల్దాం." నాన్న ఎంతో వినయంగా తలూపి, మరుసటి ఆదివారం ఇంకా బేగి వాయించాడు.

నాకేమో తాళం తప్పితే ఒళ్ళు మండుతుంది. కుడి పెడలు నా చేతికి, అదే, నా కాలికి వచ్చాక, ఈయన్ని దారిలో పెట్టే అవకాశం దేవుడే ఇచ్చాడనుకున్నాను. కావాలనే నెమ్మదిగా తొక్కేదాన్ని. గాలి తగ్గగానే పక్కనుంచి మోచేతి పోటు పడేది.

"తొక్కే!"

"తొక్కుతున్నా కదా!"

"అదేం తొక్కుడే, గుడ్లు పగిలిపోతాయన్నట్టు? గట్టిగా తొక్కే గుంటా!"

ఇదంతా మేం గుసగుసగానే అనుకునేవాళ్ళం. ముందు వరస చాపల మీదవాళ్ళకు మాత్రం ప్రతి ముక్కా వినిపించేదట. ఆ వరసలో చోటు కోసం ఆడవాళ్ళు ముందుగా వచ్చి కూర్చుంటున్నారని చాలా కాలానికి గానీ నాకు తెలియలేదు.

ఆ పుండు పెద్ద ప్రమాదంతో వచ్చింది కాదు. గొలుగొండ రోడ్డు మీద సైకిలు దిగబోతే స్టాండు కొస ముంగాలికి గీసుకుంది, అంతే. కానీ నాన్నకు షుగరు. గీత పుండైంది, పుండు అరచేతి వెడల్పైంది. మాత్రలు మింగాడు, సూదులు పొడిపించుకున్నాడు, పౌడర్లు చల్లించుకున్నాడు. పది రోజులు ఆరినట్టే ఆరి, పదకొండో రోజు మళ్ళీ మొదటికొచ్చేది. పైన పసుపుపచ్చటి జిగురు పొర, దానితోపాటు ఒక వాసన. ఆ వాసన మాకు తెలియకూడదని నాన్న వంటింట్లోకి రావడం మానేశాడు. అమ్మకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది అదే. "నాకు లేని అసియ్యం మీకెందుకండీ, రండి లోపలికి!" అని కంచం పట్టుకుని అరిచేది.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయ్యాక, ఇక్కడి డాక్టరు గారు చేతులెత్తేసి విశాఖపట్నం పంపించారు. అక్కడ సర్జన్ ఒక డాక్టరమ్మ గారు, నాకంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. ఎక్స్‌రే చూసి, ఏమీ దాచకుండా చెప్పింది. పుండు ఇంకా ఎముక దాకా పోలేదు. పోయిందంటే మాత్రం కాలు మోకాలి కింద తీసేయాలి. నాన్న ఒళ్ళో పెట్టుకున్న చేతివేళ్ళు ఏదో పాట వాయిస్తున్నాయి. అంత నెమ్మదిగా ఆయన వాయించడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇన్ని మందులు వాడాం కదండీ, ఎందుకు పని చెయ్యలేదు?" అని అడిగాను, కాస్త గట్టిగానే.

ఆమె ఓపిగ్గా చెప్పింది. సూక్ష్మజీవులు ఒక్కొక్కటిగా ఉన్నప్పుడు మందుకు చచ్చిపోతాయి. కానీ పాత పుండులో అవి గుంపుగా చేరి, జిగురు ఊరించి, దాన్ని కప్పులా కప్పుకుని కింద కాపురం పెడతాయి. మందు ఆ జిగురు దాటి లోపలికి పోలేదు. పైవి చస్తే కిందవి మళ్ళీ పుట్టుకొస్తాయి.

"పాసి," అంది అమ్మ.

"ఏంటమ్మా?"

"గోలెంలో పాసండీ. నీళ్ళు ఎన్నిసార్లు మార్సినా పోదు. బ్లీసింగు పోసినా పైపైనే. ముందల కొబ్బరి పీసుతో అడుగంటా గీకీయాల. ఆ తరవాతే ఏ మందైనా."

మా అమ్మకు వారం వారం పెరట్లో సిమెంటు గోలెం తోమడం ఒక వ్రతం. ఇటుక పొడి, కొబ్బరి పీచు, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఒక యుద్ధం. డాక్టరమ్మ గారు కలం కింద పెట్టి నవ్వేసింది. "అమ్మా, ఇది అర్థం కావడానికి మా పీజీ పిల్లలకు నాలుగు క్లాసులు పట్టిందమ్మా," అంది. అమ్మ ఆ మాటను నర్సీపట్నం బస్సు దిగేలోపే పక్క సీటావిడకీ, ముందు సీటావిడకీ, కండక్టరుకీ చెప్పేసింది.

డాక్టరమ్మ గారు అన్నట్టుగానే ముందు పుండును గీకింది. మమ్మల్ని బయట కూర్చోమంటే అమ్మ కదల్లేదు. "అటు మూల ఇంకా ఉన్నాదండి," అని సలహాలు కూడా ఇచ్చిందట. నొప్పి తెలియకుండా సూది వేసినా, ఈవిడ పర్యవేక్షణ మాత్రం తట్టుకోలేకపోయానని నాన్న తర్వాత చెప్పాడు.

గీకాక వేసింది అసలు కట్టు. అప్పటికది కొత్త సరుకు. ఒక చిన్న పెట్టెలో ఆరు ముక్కలు, నీలం కలిసిన నలుపు రంగు గుడ్డ. దాని మీద వెండి పూత ఉంటుంది, కానీ కంటికి కనపడనంత సన్నటి రేణువులుగా. నానో వెండి అంది. వెండి ముద్దగా ఉంటే పని చెయ్యదా అని నేనే అడిగాను. "బెల్లం దిమ్మ నీళ్ళలో వేస్తే ఎప్పటికి కరుగుతుంది? పొడి చేసి వేస్తే?" అంది ఆమె. అంత సన్నగా ఉంటేనే తడి తగిలినప్పుడు వెండి కొంచెం కొంచెంగా ఊరుతూ పుండులోకి దిగుతుందట, జిగురు మళ్ళీ కట్టకుండా చూస్తుందట. ఒక్కో ముక్క మూడు రోజులు ఉంచాలి. ఆరిపోనివ్వకూడదు, రోజుకు రెండుసార్లు స్టెరైల్ వాటర్‌తో తడపాలి. నూనె తగలకూడదు. ఆరు ముక్కలయ్యాక చూసి చెబుతానంది. చెప్పేది కాలు ఉంటుందా పోతుందా అనేనని ముగ్గురికీ తెలుసు.

ఊళ్ళో మాత్రం నాన్న కాలికి వెండి తొడిగారని పుకారు పుట్టింది. రెండు రోజులు మా ఇల్లు తీర్థమే. ప్రార్థన గుంపు ఆడవాళ్ళు వరసగా వచ్చి, దుప్పటి తీసి చూసి, మొహాలు వేలాడేసుకున్నారు.

"మెరవదేటి?" అంది ఒకావిడ.

"నల్లగా ఉన్నాదేటమ్మా, ఎవులో మోసం సేసీసినారు మిమ్మల్ని," అంది ఇంకొకావిడ.

రోలుగుంట నుంచి మా మేనత్త ప్రార్థన చేయించిన నూనె సీసా పట్టుకుని దిగింది. కట్టు మీద పోసేస్తే బేగి తగ్గిపోతుందని ఆవిడ పట్టు. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "వదినా, నుదుటి మీద రాయండి, తల మీద పోయండి, కావలిస్తే మొత్తం మనిషిని నూనెలో ముంచీయండి, కాలు దగ్గరికి మాత్రం రావొద్దు." ఇంత చెప్పినా నాన్న నెత్తి మీద సగం సీసా ఒంపి గానీ మేనత్త శాంతించలేదు. మూడు రోజులు ఆయన జుట్టు తళతళా మెరిసింది. వెండి చూడ్డానికి వచ్చినవాళ్ళకు అదైనా దక్కింది.

నూనె మీద అంత కాపలా కాసిన ఇల్లు మాది. ఇక నా నిర్వాకం చెబుతాను. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

మా ఇంట్లో ఏ దెబ్బకైనా, ఏ పుండుకైనా ఉప్పు వేసి కాచిన నీళ్ళే. ఆసుపత్రిలో పుండు కడిగింది కూడా సెలైన్ అనే ఉప్పునీళ్ళతోనే, నా కళ్ళతో చూశాను. స్టెరైల్ వాటర్ అంటే ఏదో అలాంటిదేలే అనుకున్నాను. నేనేమో ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని, చిటికెడు ఉప్పు, గుప్పెడు ఉప్పు అనే మనిషిని కాదు. కాలేజీ త్రాసులో లీటరుకు తొమ్మిది గ్రాముల లెక్కన తూచి, పొట్లాలు కట్టి తెచ్చాను. అమ్మ మరిగించేది, చల్లార్చేది, పొద్దునా సాయంత్రం కట్టు తడిపేది. "మాయమ్మాయి ఇంత సదివినందుకు ఇప్పుడు కదా అక్కరకొచ్చింది!" అని మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను. గర్వం నెత్తికెక్కి కూర్చుంది.

మొదటి ముక్క తీశాం. పుండు అలాగే ఉంది. నల్లగుడ్డ మీద అక్కడక్కడా తెల్లటి మరకలుంటే, చీము పీల్చేసిందని సంబరపడ్డాం. రెండో ముక్క తీశాం. పసుపు జిగురు మళ్ళీ అంచుల నుంచి పాకుతోంది. నాన్న వంగి చూసుకుని, "ఒగ్గీండి, ఆ మిగిలినయి ఇంకెవులికైనా పనికొస్తాయి," అన్నాడు. అమ్మ ఆ పూట మొదటిసారి ఏడ్చింది. మూడో ముక్క కట్టి, నేను కాలేజీకి పోయాను.

ఆ రోజు ఇంటర్ రెండో ఏడాది అమ్మాయిలకు ప్రాక్టికల్స్. క్లోరైడ్ టెస్టు. ఆరేళ్ళుగా చెబుతున్న పాఠం, నిద్రలో లేపినా చెబుతాను. పరీక్షనాళికలో మామూలు ఉప్పునీళ్ళు పోశాను. దాన్లో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేశాను. నాళిక పైకెత్తి, "చూడండమ్మా, వెండి ఉప్పులోని క్లోరైడుతో కలిసిందంటే పెరుగు ముక్కల్లా తెల్లగా విరిగిపోతుంది. ఇక ఆ వెండి నీళ్ళలో కరగదు, దేనికీ..." అన్నాను.

"దేనికీ పనికి రాదు" అనాలి. నోరు రాలేదు.

నాళికలో తెల్లటి ముక్కలు తేలుతున్నాయి. నల్లగుడ్డ మీద తెల్ల మరకలు. లీటరుకు తొమ్మిది గ్రాములు. తూచి మరీ. ఓలమ్మో! డాక్టరమ్మ గారి వెండిని పుండులోకి దిగనివ్వకుండా దారిలోనే కూర్చోబెట్టింది నేనే. బంగారంలాంటి కెమిస్ట్రీ లెక్చరర్ని!

"మేడం, ఏమైందండీ?" అని ఒక అమ్మాయి అడిగింది.

"నేను గాడిదనమ్మా!" అన్నాను. అమ్మాయిలు రికార్డు పుస్తకాల్లో రాసుకోవాలో వద్దో తెలియక నిలబడిపోయారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. నాళిక స్టాండులో పెట్టి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి పరిగెత్తి, కనిపించిన ఆటో ఎక్కేశాను. దారి పొడవునా "బేగి బాబూ, బేగి" అంటూనే ఉన్నాను. మా నాన్న రక్తమే కదా!

ఇంటికెళ్ళేసరికి అమ్మ గిన్నెలో దూది ముంచుతోంది.

"అమ్మా! ఉప్పు దించు!"

"పొయ్యి మీద ఏటీ లేదే!"

"ఆ గిన్నే, ఆ గిన్నే! అందులో వెండి చచ్చిపోతోంది!"

అమ్మ గిన్నె వదిలేసింది. నీళ్ళు నేల మీద పారాయి. నాన్న మంచం మీద లేచి కూర్చుని, కాలేజీలో ఎవరైనా నన్ను ఉద్యోగంలోంచి తీసేశారా అని అడిగాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అమ్మకు క్లోరైడు గొడవ తెలియదు గానీ, తప్పు ఎవరిదో వెంటనే తెలిసిపోయింది. "నూనె సీసా పట్టుకొచ్చిన మీ అత్తని నాను గుమ్మంలో ఆపీసినాను. నిన్ను ఆపీవోలెవరే?" అంది. నిజమే.

ఎస్‌టీడీ బూత్‌కు పోయి డాక్టరమ్మ గారికి ఫోను చేశాను. మొత్తం విన్నది.

"మీరు కెమిస్ట్రీయే కదా చెప్పేది?"

"అవునండీ."

"ఈ సంగతి స్టూడెంట్స్‌కి చెప్పకండి."

"చెప్పేశానండీ, సగం."

ఆమె నవ్వు ఆపుకోవడం నాకు వినిపించింది. రేపే తీసుకురమ్మంది, మళ్ళీ గీకి కొత్త ముక్క వేస్తానంది. నీళ్ళు మాత్రం మందుల షాపులో, ఇంజక్షన్లలో కలపడానికి అమ్మే, ఉప్పు కలవని స్టెరైల్ వాటర్ సీసాలే వాడమంది. ఇంటికొచ్చి ఈ మాట చెబితే అమ్మ, ఆ మూల ఆటో షెడ్డులో బ్యాటరీ నీళ్ళుంటాయి, అవి ఇంకా శుద్ధం కదా అంది. "నన్ను లారీ సేసీస్తారేటే మీరిద్దరూ?" అన్నాడు నాన్న. ఎన్నో రోజుల తర్వాత ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వుతూనే నాకు భయం వేసింది. చేతిలో మిగిలినవి మూడే ముక్కలు.

ఆ తొమ్మిది రోజులూ నాకు పూనకమే. వేలెడు గాజు సీసాలు, మెడ దగ్గర గీసి టక్కుమని విరవాలి. పొద్దున టక్, సాయంత్రం టక్. కాపలా కుక్కలా చెవులు రిక్కించి ఉండేదాన్ని, అమ్మ ఉప్పు డబ్బా మూత తీస్తే చాలు "దేనికీ?" అని వంటింట్లోకి దూకేదాన్ని. "పప్పులోకే తల్లీ, పప్పులోకి!" అని అమ్మ దండం పెట్టేది. ఆ ఆదివారం గుడిలో నాన్న పక్కన కూర్చున్నప్పుడు మొదటిసారి ఆయన అడక్కుండానే గట్టిగా తొక్కాను. ఆయన నా వైపు అనుమానంగా చూశాడు.

తొమ్మిదో రోజు విశాఖపట్నంలో కట్టు విప్పారు. ఎవరూ మాట్లాడే లోపు అమ్మ ముందుకు వంగి, తీసేసిన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. నర్సు "అయ్యో అమ్మా!" అని అరిచింది.

"వాసన లేదు," అంది అమ్మ. "ఏవండీ, వాసన లేదు."

డాక్టరమ్మ గారు దీపం దగ్గరికి లాక్కుని చూసింది. పసుపు పొర లేదు. అడుగంతా ఎర్రగా, తడిగా, దానిమ్మ గింజలు పరిచినట్టుంది. కొత్త కండ అట. "కాలు మీదే," అంది నాన్నతో. అది వెండి మహిమా, రెండోసారి గీకడం వల్లా అని నేను అడిగాను, నాకు ఇలాంటివి ఊరికే వదలబుద్ధి కాదు. రెండూ అంది, ఉప్పు మానేయడం కూడా అంది. అమ్మ మాత్రం గీకడమే అని ఇప్పటికీ వాదిస్తుంది. ఆ రోజు బస్సులో నాన్న బజ్జీలు కొనిపెట్టి, ఊరొచ్చేదాకా కిటికీ చువ్వల మీద వేళ్ళతో వాయిస్తూనే ఉన్నాడు. ఎంత బేగి వాయించాడో చెప్పక్కర్లేదు.

చర్మం మొత్తం మూసుకోవడానికి మరికొన్ని నెలలు పట్టింది. చివరికి ఒక ఆదివారం పొద్దున, నాన్న చెప్పులు విడిచి గుడిలోకి నడిచి, పెట్టె ముందు ఒక్కడే కూర్చున్నాడు. ఎడమకాలు ఎడమ పెడలు మీద, కుడికాలు కుడి పెడలు మీద. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆ బల్ల మీద నుంచి నన్ను ఎప్పుడు విడిపిస్తావు దేవుడా అని ప్రార్థన చేసిందాన్ని. పెట్టె మొదలైంది. పక్కన కూర్చున్న మేనత్త నా మోకాలి మీద కొట్టింది.

"కాలు ఆపే. సాప కదిలిపోతంది."

చూసుకుంటే నా కుడికాలు దానంతటదే లేస్తోంది, దిగుతోంది. ఆపుతుంటే ఆగడం లేదు. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. నాన్నకు కాలు వచ్చింది, నా చోటు పోయింది. ఇంత సంతోషంలో ఈ పాడు బాధేమిటో, దాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. పాట మాత్రం కిటికీ రెక్కలు అదిరేలా మోగుతోంది.

మొదటి కీర్తన అయ్యింది. అయ్యగారు లేవబోతుంటే నాన్న బల్ల మీద ఎడమ పక్కకు జరిగి, వెనక్కి తిరిగి, గుడంతా వినేలా నన్ను పిలిచాడు.

"అమ్మా, గాలి సాలట్లేదు. ఇలా రా."

గాలి చాలకపోవడమేమిటి! ఆయన ఎన్నేళ్ళుగానో వస్తున్న ఆ గుడిలో అబద్ధం ఆడటం నాకు తెలిసి అదొక్కసారే. వెళ్ళి కూర్చున్నాను. ఆయన కుడికాలు తీసి కింద నేల మీద పెట్టుకున్నాడు. పంచె అంచు కింద కొత్త చర్మం లేతగా మెరుస్తోంది.

"గుడిలో అబద్ధాలేమిటి?" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

"తొక్కే!"

తొక్కాను. ఆ రోజు మూడో చరణంలో ఆయన కంటే నేనే ముందు పరిగెత్తాను. అయ్యగారు పుస్తకం మూసేసి కూర్చుండిపోయారు.